నెల్లూరులో ఇటలీ కోటు: దర్జీ వెతుకులాట నుంచి చివరి ఇస్త్రీ దాకా

అక్టోబరు, మొదటి వారం

పని ఇదీ. మాఘమాసం రిసెప్షన్‌కి ఒక సూటు కావాలి. ఇటలీ తరహాలో ఉండాలి, పెళ్లయ్యాక బీరువాకే అంకితం కాకుండా నెల్లూరు ఎండల్లోనూ తొడుక్కోగలగాలి. కొలతలు: ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, ఛాతీ 38, నడుము 33, సీటు 39. కుడి భుజం ఎడమదానికన్నా దాదాపు అర అంగుళం కిందికి ఉంది. కుడిచేతివాటం వాళ్లలో ఇది మామూలే. టేపు పట్టినవాళ్లు దాన్ని గమనించి రాసుకుంటారా లేదా అన్నది మొదటి పరీక్ష.

గడువు పదహారు వారాలు. పని పది వారాల్లో అయిపోతుంది. కానీ మధ్యలో దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి ఉన్నాయి. సంక్రాంతికి ముందు మూడు వారాలు ఏ టైలరూ కోటు ముట్టుకోడు, చొక్కాలూ ప్యాంట్లే కొండలా పేరుకుపోతాయి. అందుకే కోటు పని డిసెంబరు ఇరవైలోపు ముగించాలని లెక్క వేసుకున్నాం.

ముందుగా తేలాల్సింది, ఇటలీ అంటే ఏ ఇటలీ అని. రోము కోటు వేరు, నేపుల్స్ కోటు వేరు. రోములో 1945లో మొదలైన బ్రియోనీ అనే సూట్ల సంస్థ వాళ్ల తరహాలో భుజం కట్టుదిట్టంగా ఉంటుంది, నడుము దగ్గర నొక్కు ఉంటుంది. ఫ్లారెన్సు దర్జీలు చాలామంది ముందువైపు డార్టు (నడుము బిగించే మడతకుట్టు) వెయ్యరు, నొక్కంతా పక్కకు నెట్టేస్తారు. నేపుల్స్‌లో 1930ల్లో జెన్నారో రుబినాచ్చీ అంగట్లో కటింగ్ చేసిన విన్చెంజో అట్టోలినీ కోటులోంచి ప్యాడ్లూ, ఛాతీకి ఆకారమిచ్చే లోపలి గుడ్డ అయిన బరువు కాన్వాసూ తీసేశాడు. చొక్కా భుజంలా వాలే మెత్తటి భుజం అక్కడిదే. సముద్రపు గాలి, ఉక్క ఉన్న ఊరికి ఇదే నప్పుతుంది. నేపుల్స్ తరహాకే ఓటు.

ఒక కాగితం మీద రాసుకున్నది: భుజంలో ప్యాడ్ ఉండదు, పలచటి దూది పొర ఒక్కటే. ముందు భాగంలో ఫ్యూజింగ్ (బంకతో అతికించే లోపలి గుడ్డ) లేదు, తేలిక హెయిర్ కాన్వాసు. చంక ఎత్తుగా. వీపు పై సగానికీ చేతులకీ మాత్రమే లైనింగ్. మూడు గుండీలు, అయితే లాపెల్ (కాలరు కింద ఛాతీ మీదికి మడిచే అంచు) రెండో గుండీ దాకా దొర్లాలి. ఛాతీ జేబు పడవలా కొంచెం వంపు తిరిగి, భుజం వైపు లేచి ఉండాలి. కింది జేబులు అతికిన జేబులైతే రిసెప్షన్‌కి మరీ సాదాగా ఉంటాయి కాబట్టి డబుల్ బోన్ (కోసిన జేబు, నోటికి పైనా కిందా సన్న పట్టీలు). వెనక రెండు చీలికలు. దర్జీకి ఫోటో చూపిస్తే రంగు, బిగుతు మాత్రమే అర్థమవుతాయి. కాగితం మీద ఎనిమిది వాక్యాలుంటే ఒక్కో వాక్యం మీదా మాట్లాడుకోవచ్చు.

అక్టోబరు, రెండో వారం

ఐదు అంగళ్లు చూశాం. ట్రంకు రోడ్డులో రెండు, చిన్నబజారులో రెండు, ఒంగోల్లో ఒకటి. పేర్లు అక్కర్లేదు, ఎవరి దగ్గర ఏం చూశామన్నదే ముఖ్యం.

అద్దాల వెనక బొమ్మకి తొడిగిన కోటు చూసి నిర్ణయించుకుంటే మోసపోయినట్టే. బొమ్మ వీపు వెనక గుండుసూదులు గుచ్చి ఉంటాయి. అడగాల్సింది పూర్తయిన కోటు కాదు, కుట్టు సగంలో ఉన్న కోటు. అది చూపించగలిగితే మిగతా ప్రశ్నలు సగం తగ్గుతాయి. లోపల మార్జిన్ ఎంత వదిలారో, ఛాతీలో ఏం పెట్టారో, కచ్చా కుట్లు ఎంత దగ్గరగా వేశారో కంటికి కనపడుతుంది.

పూర్తయిన కోటే చేతికిస్తే కింది గుండీ కాజాకి దిగువన రెండు వేళ్లతో బట్ట పట్టుకుని, పైపొరనీ లోపలి పొరనీ విడదీసి నలపాలి. మధ్యలో మూడో పొర విడిగా జారుతుంటే కాన్వాసు ఉన్నట్టు. రెండే పొరలు తగిలి, పైది కాస్త అట్టలా ఉంటే ఫ్యూజింగ్. తర్వాత లాపెల్ తిప్పి వెనక చూడాలి. చేత్తో ఏటవాలు కుట్లు వేసి ఉంటే సన్నటి గుంటలు కనపడతాయి.

ఫ్యూజింగ్ అంటేనే చెడ్డదని కాదు. బంక పూసిన బక్రాన్ని మిషను ప్రెస్సు కింద 130 నుంచి 150 డిగ్రీల వేడిలో, సమానమైన ఒత్తిడితో అతికిస్తే బాగానే నిలుస్తుంది. చిన్న అంగట్లో ఆ ప్రెస్సు ఉండదు, చేతి ఇస్త్రీపెట్టెతో అతికిస్తారు. ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. రెండు వానాకాలాలు, నాలుగు డ్రైక్లీనింగులు దాటేసరికి లాపెల్ మీద పొక్కులు లేస్తాయి. వాటికి మందు లేదు. మళ్లీ ఇస్త్రీ చేసి నొక్కితే వారం ఆగి మళ్లీ లేస్తాయి.

ఒకటో అంగడిలో కొలతలు తీసే మనిషి వేరు, కత్తిరించే మనిషి వేరు, కుట్టేది ఇంకో వీధిలో పీసు లెక్కన. మధ్యలో తిరిగేది తొమ్మిది అంకెలున్న చీటీ. అందులో భుజం వాలు ఎక్కడా లేదు. కుడి భుజం సంగతి చెబితే "ప్యాడ్ పెట్టి సరిచేస్తాం సార్" అన్నారు. ప్యాడే వద్దనుకున్న కోటులో ఆ మాట పనికిరాదు.

రెండో అంగడి వాళ్లు కాన్వాసు చెయ్యమని నేరుగా చెప్పేశారు. ఆ మాట విలువైనదే. మూడోచోట అన్నిటికీ తలూపారు, కానీ 'ఇటాలియన్ కట్' అంటే వాళ్ల లెక్కలో పొట్టి, బిగుతు. ఒక్క ప్రశ్నకైనా "అది కుదరదు" అని చెప్పని దర్జీ దగ్గర బట్ట వదలకూడదు. ఒంగోలు మాస్టరు కటింగ్ ఐదుగురిలోకీ మిన్న. గళ్ల బట్టలో జేబు మూత గీతలు ఛాతీ గీతలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. కానీ మూడు ట్రయల్స్‌కి మూడు రోజులు రైల్లో పోతాయి. ఆయన్ని రెండో దారిగా ఉంచుకున్నాం.

చిన్నబజారులో మేడ మీద చిన్న గది. బోర్డు వెలిసిపోయింది. ఎక్కువగా లాయర్ల నల్లకోట్లు, పాత కోట్ల రిపేరు. బల్ల మీద విప్పిన పాత కోటు ఒకటి ఉంది, లోపల కాన్వాసు, చేత్తో వేసిన కుట్లు. ఫ్యూజింగ్ ఊళ్లోకి రాకముందు పని నేర్చుకున్న మాస్టరు. ఇలాంటివాళ్లకి నేపుల్స్ కోటులో చేతిపని ఏదీ కొత్త కాదు. కొత్తగా తోచేది భుజంలో ప్యాడ్ లేకపోవడం ఒక్కటే.

"ప్యాడ్ లేకుంటే భుజం జారిపోయినట్టు కనపడతాది సార్" అన్నారు.

"అలానే కావాలి మాస్టరు గారూ, చొక్కా భుజంలా."

"అట్టయితే కటింగ్‌లోనే చూసుకోవాల. తర్వాత నా వల్ల కాదు."

ఈ చివరి వాక్యంతోనే ఎంపిక సగం ఖాయమైంది. ప్యాడ్ దాచిపెట్టే తప్పులన్నీ ప్యాడ్ లేని భుజంలో బయటపడతాయని తెలిసిన మనిషి మాట అది. కోటు కుట్టించాలంటే రిపేరు పని చేసేవాళ్లని వెతకాలి, కారణం ఇదే. పదిమంది కోట్లు విప్పిన చేతికి ఎక్కడ చిరుగుతుందో, ఎక్కడ ముడత పడుతుందో తెలుసు.

అక్టోబరు, మూడో వారం: నమూనా ప్యాంటు

కోటు బట్ట ఇవ్వకముందే చవక కాటన్‌తో ఒక ప్యాంటు కుట్టించాలి. చేతిపని తెలుస్తుంది, మాట మీద నిలబడతారా లేదా కూడా తెలుస్తుంది. చెప్పింది: నడుము ఎత్తుగా, ఒక్కో వైపు ఒక ప్లీటు, బెల్టు లూపులు లేకుండా పక్కన బిగించే పట్టీలు, బాటం 14½ అంగుళాలు, కింద ఒకటిన్నర అంగుళం మడత, సీటు వెనక ఒకటిన్నర అంగుళం మార్జిన్.

వచ్చింది: మూడు రోజులు ఆలస్యం. బాటం 15. ప్లీట్లు రెండు వైపులా సమానం, సీటు మార్జిన్ చెప్పినంత, తురుపాయి చేత్తో వేసింది, బయటికి కుట్టు కనపడలేదు. ఆలస్యాన్ని క్యాలెండర్‌లో కలుపుకోవచ్చు. బాటం కాగితం మీద ఎర్ర సిరాతో రాస్తే సరిపోయింది. చిన్నబజారు మాస్టరే ఖాయం.

అక్టోబరు, నాలుగో వారం: బట్ట

లోకల్‌గా సులువుగా దొరికేది పాలిస్టరు, ఉన్ని కలిపిన టెర్రీవూల్, లేకపోతే పాలిస్టరు-విస్కోసు కలిపిన టీఆర్ సూటింగ్. రెండూ పక్కన పెట్టాం, కారణం ఉక్క ఒక్కటే కాదు. మెత్తటి భుజంలో చేతి పైభాగపు అదనపు బట్టని ఆవిరితో కుదించి చంకలోకి ఇమడ్చాలి. ఉన్ని ఆవిరికి కుదుస్తుంది. పాలిస్టరు మొండిది, ఎంత ఆవిరి పెట్టినా కుదియదు. లినెన్ కూడా అంతగా లొంగదు. లినెన్ కోటు అందమే వేరు గానీ దాని ముడతలు రిసెప్షన్ ఫోటోలకి కాదు.

తీసుకున్నది: ఎక్కువ మెలిక ఉన్న దారంతో నేసిన ఉన్ని, ముదురు నీలం, చదరపు మీటరుకి 260 గ్రాములు. మెలిక ఎక్కువైతే బట్ట గరుకుగా తగులుతుంది, కానీ నేత సందుల్లోంచి గాలి ఆడుతుంది, నలిగినా రాత్రి వేలాడదీస్తే తెల్లారేసరికి సాఫవుతుంది. 200 గ్రాముల లోపు బట్ట చల్లగా ఉంటుందని అమ్ముతారు. కాన్వాసు తక్కువున్న కోటులో అంత పలచటి బట్ట నిలబడదు, ప్యాంటుకైతే మోకాళ్ల దగ్గర సంచుల్లా తేలుతుంది.

అంచు మీద బంగారు అక్షరాల్లో సూపర్ 150 అని ఉన్న టీఆర్ ముక్కలు ఏ బజారుకెళ్లినా కనపడతాయి. సూపర్ అంకె ఉన్ని పోగు సన్నదనానికి కొలత. సూపర్ 100కి పోగు 18.25 మైక్రాన్లు దాటకూడదు, 120కి 17.25. ఉన్నే లేని బట్టకి ఆ అంకెకి అర్థం లేదు. ఇక అంకె పెరిగేకొద్దీ మన్నిక తగ్గుతుంది. తరచుగా తొడిగే సూటుకి 100, 110 చాలు.

రెండు పరీక్షలు అంగట్లోనే చేయొచ్చు. అంచు నుంచి రెండు దారాలు లాగి వెలిగిస్తే ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెండోది తూకం. మూడున్నర మీటర్ల ముక్క, 150 సెంటీమీటర్ల పన్నా అంటే 5.25 చదరపు మీటర్లు. 260 గ్రాముల బట్టయితే 1,365 గ్రాములు రావాలి. తక్కెట్లో 1,360 చూపించింది. సాదా బట్టలో ఈ మనిషికి మూడుంపావు మీటర్లు చాలు. పావు మీటరు అదనం రేపు మోకాలి దగ్గర చిరిగితే, జేబు మార్చాలంటే ఉంటుందని.

మిగతా సరంజామా నెల్లూరులో అన్నీ దొరకలేదు. పినాకినీ రైల్లో మద్రాసు వెళ్లి జార్జిటౌన్ వీధుల్లో తెచ్చినవి: హెయిర్ కాన్వాసు మీటరున్నర, కాలరు కింద వేసే మెల్టన్ (మందపాటి ఉన్ని గుడ్డ) పావు మీటరు, విస్కోసు లైనింగ్ మీటరున్నర, కొమ్ము గుండీలు. కోటు ముందుకి 32 లైను, అంటే 20 మిల్లీమీటర్లవి మూడు, చేతులకి 24 లైను, అంటే 15 మిల్లీమీటర్లవి ఎనిమిది, ప్రతి సైజులో ఒకటి అదనంగా. కాజాలకి పట్టుదారం ఒక ఉండ. లైనింగ్ పాలిస్టరుదైతే ఉన్ని బట్ట తెచ్చిన లాభమంతా చంకల్లోనే పోతుంది.

నవంబరు, మొదటి వారం: కటింగ్

కాన్వాసుని రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టాం. ఇది మానేస్తే కోటు పూర్తయ్యాక మొదటి తేమకి కాన్వాసు కుదిసి, పైబట్ట ఛాతీ దగ్గర నీటి అలల్లా లేస్తుంది. ఉన్నికి తడి గుడ్డ పరిచి ఆవిరి ఇస్త్రీ, తర్వాత ఒక రాత్రి బల్ల మీద వదిలేయడం.

బట్ట మీద నేరుగా సుద్ద పెట్టడం చాలామంది మాస్టర్ల అలవాటు. ఇక్కడ ముందు బ్రౌన్ పేపరు మీద గీయించాం. కారణం చంక. మన దగ్గర 'ఫ్రీగా ఉండాల' అని చంకని లోతుగా తీస్తారు. లోతు చంకతో చెయ్యెత్తితే కోటు మొత్తం లేస్తుంది, కాలరు మెడని వదిలేస్తుంది. చంక ఎత్తుగా, చెయ్యికి దగ్గరగా ఉంటేనే చెయ్యి విడిగా కదులుతుంది. మొదటిసారి వినేవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది. కత్తిరించాక చంకని కిందికి దించడం రెండు నిమిషాల పని, పైకి ఎత్తడం అసాధ్యం. కాగితం మీదే ముప్పావు అంగుళం పైకి జరిపించాం.

ఖరారైన అంకెలు: కోటు ఛాతీ 41½, పొడవు 29 (మెడ ఎముక నుంచి నేల దాకా 58, అందులో సగం), పక్క కుట్లలో అంగుళం, వీపు నడిమి కుట్టులో అంగుళం మార్జిన్. కుడి భుజానికి పావు అంగుళం కటింగ్‌లో దించి, మిగతా తేడా ఒక్క దూది పొరతో సరిచేయాలని ఒప్పందం. మొత్తం కటింగ్‌లోనే దించితే కోటు ఒకవైపు వంగిన సంగతి అందరికీ తెలుస్తుంది.

కటింగ్ కాగితం మనకి ఇచ్చేయాలని ముందే చెప్పాలి. పనయ్యాక అడిగితే దొరకదు.

నవంబరు, మూడో వారం: కచ్చా ట్రయల్

వాయుగుండం, మూడు రోజులు వాన, కరెంటు కోత. వారం జారింది.

కచ్చా ట్రయల్‌లో తెల్లదారంతో కలిపిన ముండెం, ఒక్క చెయ్యి. జేబులు కొయ్యకూడదు, కాజా కొయ్యకూడదు. జేబులు కోసేసి ట్రయల్‌కి పిలిచారంటే అది ట్రయల్ కాదు, చూపించడం.

కనపడినవి: వీపు మీద, కాలరు కింద అడ్డంగా ఒక మడత. భుజాలు కోటు భుజాలకన్నా చదునుగా ఉంటే ఇలా వస్తుంది. వెనక మెడ పావు అంగుళం దించి కాలరు మళ్లీ పెట్టాలి. గుండీ పెట్టినప్పుడు నడుము దగ్గర ఎక్స్ ఆకారంలో లాగుతోంది, పక్క కుట్లు ఒక్కొక్కటి మూడు సూత్రాలు వదిలారు (టేపు మీద అంగుళంలో ఎనిమిదో వంతుని సూత్రం అంటారు). కుడి భుజం సరిగ్గా కూర్చుంది. చెయ్యెత్తితే కాలరు కదల్లేదు. చంక మీద పెట్టిన పట్టు వృథా పోలేదు.

డిసెంబరు, మొదటి వారం: చెయ్యి

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది ఇదే.

మామూలు కోటులో చేతి పైచుట్టు చంక చుట్టుకన్నా ఒకటిన్నర అంగుళం దాకా ఎక్కువ ఉంటుంది, కుట్టు మార్జిన్ చేతి వైపు మళ్లుతుంది, అందుకే భుజం చివర గట్టులా లేస్తుంది. చొక్కా భుజంలో మార్జిన్ భుజం వైపు మళ్లాలి. చెయ్యి భుజం కిందినుంచి జారినట్టు ఉంటుంది, సన్నటి ముడతలు కనీకనపడకుండా ఉంటాయి.

మొదటి ప్రయత్నంలో రెండున్నర అంగుళాల అదనం పెట్టి చుట్టూ సమానంగా పంచారు. చూస్తే ఆడపిల్లల జాకెట్టు బుట్టచేతులే. విప్పారు. రెండోసారి అదనాన్ని అంగుళమూ ముప్పావుకి తగ్గించి, చంక అడుగుభాగంలో సున్నా, ముందు పైభాగంలో కొంత, వెనక పైభాగంలో ఎక్కువ పంచారు. మిషను ఎక్కించకుండా చేత్తో వెనక కుట్టు. గుండ్రటి దిండు మీద పెట్టి ఆవిరి. ముడతలు తగ్గి నీడల్లా మిగిలాయి. మిషను కుట్టు ఇక్కడ ఎందుకు వద్దంటే, అది రెండు పొరల్నీ ఒకే బిగువుతో లాగి, అదనపు బట్టని ఎక్కడో ఒకచోటికి తోసేస్తుంది.

ఎడమ చేతి వెనక మోచెయ్యి పైన ఏటవాలు ముడతలు. చెయ్యి సహజంగా వేలాడే కోణానికి కోటు చెయ్యి కుదరలేదు. చెయ్యి విప్పి మూడు సూత్రాలు ముందుకి తిప్పితే పోయింది. ఇస్త్రీతో పోతుందని ఎవరన్నా అంటే నమ్మకూడదు, అలాంటి ముడత గంటలో తిరిగొస్తుంది.

డిసెంబరు, మూడో వారం: కాజాలు, లైనింగ్

చేతి కాజాలో ముందు కోసి తర్వాత కుడతారు, మిషను కాజాలో ముందు కుట్టి తర్వాత కోస్తారు. అందుకే మిషనుదానికి లోపల దారపు పీచు లేస్తుంది. ఒక్కో చేతి కాజాకి ఇరవై నిమిషాల పైనే. పై గుండీ కాజా లాపెల్ దొర్లే చోట ఉంటుంది కాబట్టి దాని మంచి ముఖం వెనకవైపుకి రావాలి. చెప్పకపోతే అందరూ తలకిందులుగానే చేస్తారు, ఇక్కడా మొదటి గుర్తు అలాగే పెట్టారు. సుద్ద దశలోనే దొరికింది.

సగం లైనింగ్ అంటే కూలి తగ్గుతుందనుకుంటారు, పెరుగుతుంది. పూర్తి లైనింగ్ లోపలి కుట్లన్నీ కప్పేస్తుంది. సగందానిలో ప్రతి అంచుకీ పట్టీ వేసి శుభ్రంగా మూయాలి. మాస్టరు ఈ పనికి విడిగా అడిగారు, అది న్యాయమే.

ప్యాంటుకి కొత్తగా చెప్పడానికేం లేదు, నమూనాలాగే వచ్చింది. ఈసారి బాటం 14½.

జనవరి, నాలుగో వారం: డెలివరీ

సంక్రాంతి దాటాక ముట్టింది, గడువుకి పది రోజుల ముందు. చొక్కా కాలరు కోటు పైన అర అంగుళం, చేతి దగ్గర అర అంగుళం కనపడుతోంది. వెనక చీలికలు నిలబడినప్పుడు మూసుకుంటున్నాయి. ఛాతీ జేబు వంపు కాగితం మీద గీసినదానికన్నా తక్కువ, దాన్ని అలాగే వదిలేశాం. కోసిన జేబుని మళ్లీ తెరిస్తే బట్ట అంచు పీచుపోతుంది.

మిగిలిన ముక్క, అదనపు గుండీలు, కటింగ్ కాగితం ఒక పాత దిండుగలీబులో పెట్టి తెచ్చాం.

ఒక్క దెబ్బ మాత్రం తగిలింది. డెలివరీ రోజు కింద ఇస్త్రీ బండి కుర్రాడు మర్యాదకి లాపెల్‌ని పై గుండీ దగ్గర బల్లపరుపుగా నొక్కేశాడు. దొర్లే లాపెల్ కాస్తా కాగితం మడతలా అయింది. మాస్టరు కోటుని హ్యాంగరుకి తగిలించి, ఇస్త్రీపెట్టె తాకకుండా అంగుళం దూరం నుంచి ఆవిరి పట్టి, వేళ్లతో మళ్లీ దొర్లించారు. లోపల కాన్వాసు ఉంది కాబట్టి పావుగంటలో తిరిగొచ్చింది. తర్వాత లోపలి జేబు పక్కన చిన్న తెల్ల పట్టీ కుట్టించాం, దాని మీద మార్కింగ్ ఇంకుతో: "లాపెల్ మడత మీద ఇస్త్రీ పెట్టొద్దు."